కత్తి కింద పడింది

"ఆ రెండో కత్తి ఇటివ్వు నాయనా. ఒక్క చుట్టయినా చుట్టి చూస్తాను."

పినార్ దెల్ రియో అనే ఊళ్లోని ఆ చుట్టల కర్మాగారంలో, చివరి బల్ల దగ్గర కూర్చున్న ముసలావిడ అలా అడిగేసరికి పక్కనున్న ఎవేలియో నవ్వాడు.

"వేలు తెగితే నన్ననకు అవ్వా!"

"నువ్వు పుట్టకముందే ఈ బల్ల మీద రోజుకు నూరు చుట్టేదాన్ని. పోవోయ్!"

చుట్టుపక్కల వాళ్లు గొల్లుమన్నారు.

పేరు కూకా అని చెప్పింది. వయసులో ఉన్నప్పుడు ఇక్కడే పని చేసిందట. ఎక్కడో శాంటియాగో నుంచి రాత్రనకా పగలనకా బస్సులో వచ్చిందట. ఎందుకొచ్చావంటే, "మధ్యాహ్నం కథ వినిపోదామని" అంది. మేస్త్రీ జాలిపడి కూర్చోనిచ్చాడు.

ఎత్తు పీట మీది నుంచి నెరెయ్డా ఇదంతా చూస్తూనే ఉంది. కానీ ఆమె మనసంతా చేతిలోని పుస్తకం మీదే ఉంది.

పన్నెండేళ్లుగా ఆ హాలుకు చదివి వినిపించడమే ఆమె ఉద్యోగం. పొద్దున పేపరు, మధ్యాహ్నం నవల. నూట ఇరవై మంది చేతులు ఆకు మీద, చెవులు ఆమె గొంతు మీద.

ఏ నవల చదవాలో వాళ్లే చేతులెత్తి తేలుస్తారు. ఫిదెలీనా అరోచా రాసిన 'ఆకు ఆరే కాలం' కోసం నెరెయ్డా రెండుసార్లు అడిగి ఓడిపోయింది. "ఏడుపు మాకింట్లోనే ఉంది, దొంగా పోలీసూ కథ చదవక్కా" అన్నారు. మూడోసారి రెండు చేతుల తేడాతో గట్టెక్కింది. ఇది వీళ్ల కథే, ఒక్కసారి వింటే వదలరని ఆమె నమ్మకం.

ఆ హాలుకు ఒక కట్టుబాటు ఉంది. చదివింది నచ్చితే ఆకు కోసే కత్తితో బల్ల మీద టకటకా కొడతారు. నచ్చకపోతే కత్తిని నేల మీద పడేస్తారు. అలా నేలపాలైన పుస్తకాన్ని ఆ హాలులో మళ్లీ తెరవరు.

చదవడం మొదలైంది.

మొదటి పేజీకే గుసగుసలు ఆగాయి. రెండో పేజీకి ఎవేలియో చుట్టడం మరిచిపోయాడు.

కథలో ఒక తల్లి రోజంతా ఆకు ఈనెలు తీసి, ఇంటికొచ్చి, నిద్రపోతున్న కూతురి చెంప తాకబోయింది. తన చేతి వాసనకు పిల్ల లేస్తుందేమోనని చెయ్యి వెనక్కి తీసుకుంది.

అప్పుడు ఠంగుమని చప్పుడు.

కూకా చేతిలోని కత్తి నేల మీద పడి ఉంది.

నెరెయ్డా ఆగింది. హాలులో ఎవరూ కదల్లేదు.

తరువాత ఎవేలియో కత్తి పడింది. దాని వెనక మరొకటి. పది, ఇరవై... వడగళ్లు పడ్డట్టు కత్తులన్నీ పడ్డాయి.

"జారిందమ్మా!" ముసలావిడ కంగారుగా లేచి నిలబడింది. "చెయ్యి పట్టు తప్పింది. చదువు తల్లీ, ఆపకు."

నెరెయ్డాకు ఒళ్లు మండింది.

"నీది జారింది, సరే. మిగతా వందా జారాయా? ఇక్కడ పనిచేసినదానివి, కత్తి పడితే ఏమవుతుందో నీకు తెలీదూ?"

ముసలావిడ నేల మీది కత్తులను చూసింది. పనివాళ్ల ముఖాలు చూసింది. ఒక్కరూ తలెత్తలేదు.

"తెలుసు తల్లీ," అంది మెల్లగా. "నాదే జారింది. వాళ్లవి జారలేదు."

"తృప్తిగా ఉందా ఇప్పుడు? ఏనాడైనా పుస్తకం పట్టినదానివైతే కదా దాని విలువ తెలిసేది!"

ఆవిడ గోడ మీది కారుణ్యమాత పటానికి దండం పెట్టుకుని, ఎవేలియో ఇచ్చిన కాఫీ సగం తాగి వెళ్లిపోయింది.

పని ముగిశాక నెరెయ్డా ఎవేలియోను నిలదీసింది.

"అంత చెడ్డగా ఉందిరా కథ?"

"లేదక్కా. మా అమ్మ గుర్తొచ్చింది."

"మరి కత్తెందుకు పడేశావ్?"

"అంత పెద్దావిడ, మనకంటే ముందు ఆ బల్ల మీద కూర్చున్న మనిషి పడేసింది. మేం పట్టుక్కూర్చుంటే ఆవిణ్ణి అవమానించినట్టు కాదూ?"

"జారిందందిగా!"

"నీ మనసు నొప్పించలేక అలా అందనుకున్నాం."

ఎవరిని అడిగినా అదే మాట. కానీ కట్టుబాటు కట్టుబాటే. మర్నాటి నుంచి దొంగా పోలీసూ కథ.

పెద్దల మీది మర్యాద ఒక మంచి పుస్తకం నోరు నొక్కేయడం ఏం న్యాయమని నెరెయ్డా ఆ వారమంతా కారుణ్యమాతను అడిగింది.

రెండు నెలల తరువాత ఒక ఉదయం పేపరు చదువుతుంటే, లోపలి పేజీలో చిన్న వార్త కనబడింది.

"రచయిత్రి ఫిదెలీనా అరోచా నిన్న శాంటియాగోలో కన్నుమూశారు."

"మనం పడేసిన పుస్తకం ఆవిడదేనా? అయ్యో పాపం," అన్నారు ఎవరో.

"ఆరు నవలలు రాసిన ఆమెకు చేతులు వణికే జబ్బు వల్ల మూడేళ్లుగా కలం నిలవలేదు. ఆమె చెబుతుంటే మేనకోడలు రాసి పెట్టేది. ఏడో నవల సగంలో ఉంది."

నెరెయ్డా ఆగి, మిగతాది కళ్లతోనే చదివేసింది. అయినా పైకి చదవాలి, అది ఆమె పని.

"తాను పదహారేళ్ల వయసులో చుట్టలు చుట్టిన హాలులో తన పుస్తకం చదవబోతున్నారని తెలిసి, ఆగస్టులో ఆమె తన పేరు చెప్పుకోకుండా వెళ్లి విని వచ్చారని, వచ్చిన రోజే 'మా వాళ్లకే నచ్చలేదమ్మా, ఇంక ఎవరి కోసం చెప్పను' అని ఆ ఏడో నవలను ఆపించేశారని మేనకోడలు తెలిపింది."