మొదటి గీత

“మళ్ళీ కొత్తదానిలా అవుతుందా మేస్త్రీ?”

ఆ మాట ఎన్నోసారి అడుగుతున్నారో మాస్టారికే తెలియదు. చక్రాలు బాగుచేసే మేస్త్రీ మాత్రం విసుక్కోకుండా కారు ముందు గొంతుక్కూచుని, అల్లాయ్ వీల్ అంచుని బొటనవేలితో తడిమి చూశాడు. అరచెయ్యంత మేర వెండిరంగు లేచిపోయి, లోపలి లోహం గరుగ్గా బయటపడింది.

“అవుతుంది సార్. గీకి, నున్నగా చేసి, రంగు కొట్టి ఆరబెట్టాలి. రేపు సాయంత్రం ఇస్తాను.”

“రేపా! ఇవాళ కుదరదా?”

“రంగు ఆరకుండా ఇచ్చానంటే పెచ్చులూడుతుంది. కొత్త వీలే కావాలంటే తెప్పించాలి, అది ఇంకా ఆలస్యం. మీ ఇష్టం.”

కారు కొని నెల తిరగలేదు. సీట్ల ప్లాస్టిక్ తొడుగులైనా తియ్యలేదు. లెక్కల పేపర్లు దిద్దీ దిద్దీ ఎదుటివాళ్ళ తప్పు పట్టడం ఆయనకి ఒంట్లో ఇంకిపోయింది. భార్య నడుపుతుంటే పక్కన కూచుని, ‘బ్రేకు... బ్రేకు... అద్దం చూడు... అటు పోకు’ అంటూ ఆవిణ్ణి ఊపిరాడనిచ్చేవారు కాదు. అలాంటి మహానుభావుడు ఈ పొద్దున పాల దుకాణం ముందు కారు ఆపబోతూ, మోగుతున్న ఫోను వైపు చూసి, చక్రాన్ని కాలిబాట రాతి అంచుకేసి బర్రున రుద్దేశారు. ఆ చప్పుడు ఇంకా చెవుల్లోనే ఉంది.

ఇంట్లో చెప్పి నాలుగు చీవాట్లు తింటే సరిపోయేదే. కానీ మధ్యలో పందెమొకటి ఉంది కదా!

పందెం పెట్టింది ఆవిడే. ఆవిడది కుట్టుపని. ఎంతటి చిరుగునైనా ఎవరికీ కనబడకుండా రఫ్ఫు చెయ్యడంలో ఆవిడ పెట్టింది పేరు. అంతేనా, ఇంట్లో కుళాయి కారినా, ఫ్యాను మొరాయించినా పానా పట్టేది కూడా ఆవిడే. మాస్టారికి సుద్దముక్క తప్ప మరో పనిముట్టు తెలియదు. కారు వచ్చిన మొదటి వారంలోనే ఒక సాయంత్రం ఆవిడ కుట్టు దుకాణం నుంచి కార్లో చేతులనిండా నల్లటి మరకలతో ఇంటికొచ్చి, “దిక్కుమాలిన మెషీన్, మొత్తం విప్పాల్సొచ్చింది” అంటూ సబ్బు పట్టుకుని స్నానాల గదిలోకి పోయింది. ఆ రాత్రి అన్నం దగ్గర ఉన్నట్టుండి అంది.

“ఏమండీ, ఇవాళ్టి నుంచీ ఈ కారుకి ఎవరు ముందు గీత పెడితే వాళ్ళు తాళాలు రెండోవాళ్ళకి ఇచ్చెయ్యాలి. ఏడాదిపాటు పక్క సీట్లో నోరు కుట్టేసుకుని కూచోవాలి. సరేనా?”

“ఇరుక్కుపోతావోయ్. ఆలోచించుకో.”

“ఆలోచించే అంటున్నాను.”

మాస్టారు పొంగిపోయారు. ఆ మర్నాటి నుంచి ఆవిడ కారు తీసుకెళ్ళి వస్తే చాలు, చుట్టూ తిరిగి అంగుళం అంగుళం వెతికేవారు. గీత కనబడితే ఒట్టు! ఒక్క డిక్కీ మాత్రం ఆవిడ రాజ్యం. ఇళ్ళకి చేరవెయ్యాల్సిన బట్టల మూటలు అందులో పేర్చి, “ఇస్త్రీ చేసినవండోయ్, మీరు చెయ్యి పెట్టకండి” అని చెప్పింది. ఆయన పెట్టలేదు.

ఇప్పుడేమో ఏడాదిపాటు నోరు కుట్టేసుకోవాలి! మాస్టారు స్కూల్లో పనిబడిందని చెబుదామా, కారు స్నేహితుడికి ఇచ్చానందామా అని తంటాలు పడుతుండగానే ఫోను మోగింది.

“ఏమండీ, పాలకని వెళ్ళిన మనిషి అక్కడే పాడి పెట్టుకున్నారా ఏంటి?”

అల్లుకున్న అబద్ధాలన్నీ ఆ గొంతు వినగానే ఎగిరిపోయాయి.

“ఇదిగో... చక్రం గీరుకుపోయింది. ఎవరో కాదు, నేనే. రాతికి రాసేశాను. మేస్త్రీ దగ్గరున్నాను, రేపు సాయంత్రానికి గానీ అవదట.”

మాస్టారు కళ్ళు మూసుకున్నారు.

“మీకేం దెబ్బ తగల్లేదు కదా?”

“లేదు.”

“అయితే ఏం కొంపలు మునిగాయని? వాడే వస్తువన్నాక గీతలు పడవూ?”

మాస్టారి కళ్ళు చెమర్చాయి. ఇదే పని ఆవిడ చేసుంటే తను ఇల్లు పీకి పందిరేసేవారు. సిగ్గేసింది.

“పందెం పందెమే. తాళాలు నీవి. ఏడాదిపాటు పల్లెత్తు మాట అనను.”

“అయ్యో, అంత మాటెందుకండీ! సరే, మీరు అంతగా అంటుంటే కాదనలేను. కారు అక్కడే వదిలేసి బస్సులో వచ్చెయ్యండి. రేపు నేనే వెళ్ళి తెచ్చుకుంటాను. మీరింక శ్రమపడకండి.”

ఫోను పెట్టేశాక ఆయనకి ఒళ్ళంతా తేలికపడింది.

“ఒక్క మాట అన్లేదయ్యా!” అన్నారు మేస్త్రీతో. “పైగా కారు వదిలేసి బస్సులో రమ్మంది.”

“బస్సెందుకు సార్? మీ డిక్కీ అడుగునున్న స్టెప్నీ చక్రం కూడా ఇలాంటి అల్లాయ్ వీలే. అది బిగించి ఇస్తాను, హాయిగా కార్లోనే వెళ్ళండి.”

మాస్టారికి ఆ ఆలోచన నచ్చింది. ఆఖరిసారి తనే నడుపుకుంటూ వెళ్ళి, తాళాలు ఆవిడ చేతిలో పెట్టి, ‘నీ అంత మంచి మనసు నాకు లేదోయ్’ అని చెప్పాలనుకున్నారు. పెళ్ళయిన ఇన్నేళ్ళలో అలాంటి మాట ఒక్కసారైనా అన్న పాపాన పోలేదు.

డిక్కీ తెరిచి, మూటలు ఒక్కొక్కటే నలగకుండా తీసి పక్కన పెట్టారు. వాటి కింద దుప్పటి ఉంది. జరిగిపోకుండా దాన్ని అడుగునున్న చాపకి చుట్టూతా దారంతో కుట్టేసింది ఆవిడ. ఆ పనితనానికి మురిసిపోతూ మాస్టారు దారం తెంపారు. మేస్త్రీ చాప ఎత్తి, బోర్లా ఉన్న స్టెప్నీని పైకి లాగి, తిప్పి నేలమీద నిలబెట్టాడు.

దాని అంచు చుట్టూతా గీరుకుపోయి ఉంది.