లోపం కనిపెట్టినవారు

కారు స్టార్ట్ చేసి కూత వినాలి. ఆల్టర్నేటర్ విప్పి కొత్తది బిగించాలి. చేసిన పని రాసే జాబ్ కార్డు నింపాలి. జహీరాబాద్ చలిలో ఆ పొద్దున మా కార్ల సర్వీస్ సెంటర్ సూపర్‌వైజర్ శేషగిరిరావు గారు నాకు అప్పజెప్పిన పనులివి.

స్టార్ట్ చేయగానే ఇంజన్ కీచుమని అరిచింది. నేను పానా అందుకున్నాను.

"ఆగు బిడ్డా," అంది బండ్లు కడిగే ఆమె. "ఆల్టర్నేటర్ మంచిగనే ఉన్నది. దాన్ని తిప్పే బెల్టు వదులైంది."

"నీకెట్ల తెలుసు?"

మగ్గులోని నీళ్లు బెల్టు మీద చిలకరించింది. కూత ఇంకా పెరిగింది.

"నీళ్లకు అరుపు పెరిగిందంటే బెల్టు జారుతున్నట్టే. పదేండ్ల సంది కడుగుతున్న, నాకు గీ మాత్రం ఎరుకుండదా?"

ఇంజన్ ఆపి బెల్టు బిగించాను. మళ్లీ స్టార్ట్ చేస్తే కూత లేదు.

మా ఇంట్లో మొదటి డిగ్రీ నాది. ఈ పరీక్ష అందులో లేదు.

జాబ్ కార్డులో 'లోపం కనిపెట్టినవారు' అన్న గడి దగ్గర పెన్ను ఆగింది. ఆర్నెల్లుగా అందరిలాగే నేనూ ఆమెను 'వాషింగ్' అనే పిలుస్తూ వచ్చాను.

"అమ్మా, నీ పేరేంది?"

"గిప్పుడు యాదికొచ్చిందా?" అని నవ్వి, చెప్పింది. రాశాను.

శేషగిరిరావు గారు కార్డు చూశారు. "కడిగే మనిషి పేరేంటమ్మా ఇందులో? కొట్టేసి నీ పేరు రాయి. నువ్వింకా పర్మినెంట్ కాలేదు, గుర్తుందా?"

"గుర్తుంది సార్. కనిపెట్టింది నేను కాదు. కొట్టెయ్యను."

"అయితే నేను సంతకం పెట్టను."

"పెట్టకండి సార్. పేరు మాత్రం ఉంటది."

ఆ కార్డు ఫైల్లో ఉంచారో, చింపేశారో నాకు తెలియదు. అందుకే మీకు చెబుతున్నాను. ఆమె పేరు నారమ్మ. యాదుంచుకోండి.