ఊరికే నొక్కండి చాలు

ఫోన్ పెట్టేసి భర్త కుర్చీ ఎక్కాడు.

ఆ కొత్త కాపురంలో ఉన్నది ఆ ఒక్క కుర్చీనే.

"మన ఫోటోకి మొదటి బహుమతి. కెమెరా షాపువాళ్ళు పెట్టిన పోటీలో. ఇంత పెద్దది చేసి షాపు అద్దాల్లో పెట్టారట," అన్నాడు చేతులు బారచాపి.

దిండుకు గలీబు తొడుగుతున్న భార్య ఆ దిండునే గాల్లోకి ఎగరేసింది. ఇంకా విప్పని అట్టపెట్టెల మధ్య గిరగిరా తిరిగింది.

"ఇంతకీ ఏ ఫోటో?"

"అదే, వంతెన మీద మనిద్దరం నవ్వుతున్నది. కింద నా పేరు కూడా వేశారట."

ఆమె తిరగడం ఆపింది.

"మనిద్దరం ఉన్న ఫోటో మీరెలా తీశారండీ?"

"ఎవరో పెద్దాయన నొక్కాడులే. కెమెరా నాదే కదా."

ఆమెకు చుర్రుమంది.

పోయిన నెల సంగతి అది. కెమెరా పాతదే, ఆ షాపులోనే బేరమాడి కొన్నాడు. అయినా మెడలో వేసుకుని నడుస్తుంటే పెళ్ళిరోజున కూడా అంత నిటారుగా లేడు.

వంతెన దగ్గర బెంచీ మీద ఒక పెద్దాయన కూర్చుని వీళ్ళకేసే చూస్తున్నాడు.

"ఒక ఫోటో తీసిపెడతారా? ఖరీదైనది, జాగ్రత్త. ఏదీ తిప్పకండి. ఊరికే నొక్కండి చాలు, మిగతాది అదే చూసుకుంటుంది," అన్నాడు భర్త.

పెద్దాయన కళ్ళజోడు నుదుటి మీదికి నెట్టాడు. ఎడమ కన్ను పెట్టి చూశాడు. వేళ్ళు మాత్రం ఏదో తిప్పుతూనే ఉన్నాయి.

"తిప్పొద్దన్నానా?"

"ఎండ మొహం మీద పడుతోంది బాబూ. కాస్త ఇటు జరగండి."

జరిగారు. ఆయన మాత్రం నొక్కడు.

భర్త ఆమె చెవిలో గొణిగాడు. "పట్టుకుని పారిపోతాడేమోనే."

"ఆ మోకాళ్ళతోనా?"

ఇద్దరికీ నవ్వు ఆగలేదు. అప్పుడు నొక్కాడాయన.

భర్త గబగబా వెళ్ళి కెమెరా లాక్కున్నంత పని చేశాడు. గీతలేమైనా పడ్డాయేమోనని ఆయన ముందే అటూ ఇటూ తిప్పి చూశాడు. థాంక్స్ కూడా చెప్పలేదు.

పెద్దాయన ఖాళీ చేతుల వంక చూసుకుని, "నవ్వు బావుందమ్మా," అన్నాడంతే.

"మనం నవ్వింది ఆయన్ని చూసి," అంది ఆమె ఇప్పుడు. "పైగా ఆయన తీసిన ఫోటో కింద మీ పేరా?"

"నొక్కడం కూడా ఒక పనేనా? ఆ కెమెరా అలాంటిది."

"అదే కెమెరాతో మీరు తీసినదాంట్లో నా నెత్తి మీంచి కరెంటు స్తంభం మొలిచింది. ఇంకోదాంట్లో నాకు అసలు తలే లేదు. అప్పుడేం, మీ కెమెరా నిద్రపోయిందా?"

భర్త కుర్చీ దిగాడు.

"పదండి. ఆ పేరు తీయించి ఆయన పేరు వేయించాలి. ఆ బహుమతి తీసుకోవాల్సింది ఆయన."

"మా అన్నయ్యకి మెసేజ్ కూడా పెట్టేశాను."

"ఇంకోటి పెట్టండి."

షాపు అద్దాల్లో తలుపంత ఫోటో. కింద భర్త పేరు చిన్నగా ఉంది. పైన అంటించిన కాగితం మీద మాత్రం బండ అక్షరాలు: 'ఇది మా కెమెరా గొప్పతనం.'

"ఈ ఫోటో మా ఆయన తీయలేదండీ," అంది ఆమె లోపలికి వెళ్తూనే.

షాపు ఓనరు నవ్వాడు. "ఎవరు తీస్తే ఏముందమ్మా? మా కెమెరా ఇస్తే కోతి తీసినా ఇలాగే వస్తుంది."

ఈసారి చుర్రుమన్నది భర్తకి.

"కోతా? మీ కెమెరాతో వందల ఫోటోలు తీశాను నేను. ఒక్కటీ ఇలా రాలేదు. ఆయన ఒక్కసారి నొక్కాడు. అంటే నేను కోతి కన్నా..."

భార్య పెదవి కొరుక్కుని నవ్వు మింగింది.

"ఆయన్ని వెతికి పిలిపించండి," అంది ఓనరుతో.

"ఎవరని వెతకనమ్మా?"

"పెద్దాయన. సన్నగా ఉంటాడు. కళ్ళజోడు నుదుటి మీదికి నెట్టుకుని, ఎడమ కన్ను పెట్టి చూస్తాడు. మా ఆయన అంత దురుసుగా మాట్లాడినా పల్లెత్తు మాట అనలేదు."

ఓనరు మొహంలో నవ్వు పోయింది. కాసేపు ఆ ఫోటో వంకే చూశాడు. లేచి వెళ్ళి, అద్దం మీది బండ అక్షరాల కాగితాన్ని చింపేశాడు.

"ఆయన రాడమ్మా. మొన్ననే ఇల్లు ఖాళీ చేసి వెళ్ళిపోయాడు. ఏ ఊరో ఎవరికీ చెప్పలేదు."

"మీకు తెలుసా ఆయన?"

"రేపు పొద్దున షాపు తీయగానే ఫోటో కింద ఆయన పేరు పెట్టిస్తాను," అన్నాడు ఓనరు తలెత్తకుండా, "తన ఫోటో స్టూడియో మూసేసిన రోజు ఆ కెమెరా నాకు అమ్మింది ఆయనే."