పదివేల సెకన్లు

"చాలదు సార్," అంది లెక్కలమ్మాయి, కాగితాన్ని అంతరిక్ష కేంద్రం పెద్దాయన ముందుకు జరిపి.

సూర్యుడికి ఎక్కడో దూరాన ఉన్న పాత అంతరిక్ష నౌకలో బ్యాటరీ అడుగంటింది. అది ఆరిపోయేలోగా ఒక్క ఫైలే దించుకోగలరు. ఇంతవరకూ ఎవరి కంటా పడని, ఓ దూరపు గ్రహం చుట్టూ తిరిగే మంచు చందమామ బొమ్మలు నౌకలో రెండున్నాయి. పెద్దది స్పష్టంగా ఉంటుంది, చిన్నది మసక. ఏది పంపమనాలో ఆ ఉదయమే తేల్చాలి.

పెద్ద బొమ్మ 6.4 × 10⁶ బిట్లు. నౌక సెకనుకు పంపగలిగేది నలభై బిట్లు. అంటే 1.6 × 10⁵ సెకన్లు కావాలి. బ్యాటరీ నిలిచేది 1.5 × 10⁵.

"ఎంత తక్కువ?"

"ఒకటి ఇంటూ పది పవర్ నాలుగు. పదివేల సెకన్లు. చివరి బిట్టు రాకపోతే ఫైలు తెరుచుకోదు సార్. చిన్నదైతే పదకొండు గంటల్లో చేతికొస్తుంది."

ఆ కేంద్రంలో ఆమె లెక్కకు తిరుగులేదు. పెద్దాయన కూడా తప్పు పట్టలేదు. మసక బొమ్మ కోసమైతే ఇన్నేళ్లు ఎదురుచూడక్కర్లేదని మాత్రం అని, పెద్దదే పంపమని ఆదేశం పంపించేశాడు. రెంటికీ చెడిన రేవడి కాబోతున్నామని ఆమె పళ్లు కొరుక్కుంది.

ఆ సాయంత్రం ఆరింటికి బొమ్మ రావడం మొదలైంది. లెక్క ప్రకారం మూడో రోజు పొద్దున పదకొండూ నలభైకి సిగ్నల్ ఆగాలి. ఆగలేదు. పన్నెండైంది, ఒకటైంది. భోజనానికి ఎవరూ లేవలేదు. రెండూ ఇరవై ఏడుకి చివరి బిట్టు వచ్చింది. దాని వెంటే ఒక చిన్న కబురు పంపి నౌక మూగబోయింది.

ఫైలు తెరుచుకుంది. నల్లటి చీకట్లో పాలరాతి గోళం. దాని అంచున, వెంట్రుకంత సన్నగా, ఆకాశంలోకి చిమ్ముతున్న నీటి ధారలు. గదిలో అందరూ తెర దగ్గరికి చేరారు.

లెక్కలమ్మాయి మాత్రం ఆ పదివేల సెకన్లు ఎక్కణ్ణుంచి వచ్చాయో వెతికింది. బొమ్మ వెనకే నౌక పంపిన ఆఖరి కబురు దొరికింది. బ్యాటరీ తగ్గగానే నౌక తన హీటర్‌ను తనే ఆర్పేసుకుని, ఆ కరెంటు కూడా యాంటెన్నాకే ఇచ్చింది. ఒళ్లు గడ్డకడుతున్నా బొమ్మ పంపుతూనే ఉంది. హీటర్ ఆపమని ఇక్కణ్ణుంచి ఎవరూ చెప్పలేదు. అసలలాంటి ఆదేశం ఒకటుందని కూడా ఎవరికీ తెలియదు.

పాత ప్రోగ్రాం అంతా తిరగేస్తే ముప్పై రెండేళ్ల కిందటి ఆదేశపు వరుస ఒకటి బయటపడింది. పక్కన రాసినవాళ్ల పేరు లేదు. 'కొత్త ట్రైనీ చేర్చింది' అని మాత్రం ఉంది.

"ఎవరో మహానుభావుడు సార్. ఎక్కడున్నా వెళ్లి దణ్ణం పెట్టాలి," అందామె.

పెద్దాయన ఆ వరుసను రెండుసార్లు చదివాడు.

"ఆ ఏడాది ఇక్కడ చేరిన ట్రైనీని నేనొక్కణ్ణేనమ్మా," అన్నాడు మెల్లగా. "రాసినట్టు గుర్తే లేదు."