గురక సిద్ధాంతం

"మొదలైనాదా?" వంటగదిలోంచి అడిగింది దాలమ్మ.

"ఇంకా లేదమ్మా, మెల్లగా మాట్లాడు," అంది సుజన, తలుపు సందులోంచి ముందుగదిలోకి తొంగిచూస్తూ.

పెళ్లిచూపులకు వచ్చి చేపల పులుసుతో భోంచేసిన ప్రసన్నకుమార్ అక్కడ మంచం మీద నడుం వాల్చాడు. అతను గురక పెడితే సుజన పెళ్లి చేసుకుంటుంది. పెట్టకపోతే లేదు. ఆ సంగతి అతనికి మాత్రం చెప్పలేదు.

సుజన న్యూ టౌన్‌లోని ఒక కాలేజీలో మనస్తత్వశాస్త్రం చెబుతుంది. మనసులో కపటం లేనివాళ్లే గురక పెడతారన్నది ఆమె సిద్ధాంతం. తోటి బెంగాలీ అధ్యాపకులు పొట్ట పట్టుకుని నవ్వినా ఆమె వెనక్కి తగ్గలేదు. అది పుస్తకాల్లో దొరికింది కాదు మరి, గార్డెన్ రీచ్‌లోని ఈ ఇంట్లోనే పుట్టింది.

చిన్నప్పుడు, తండ్రి బైరాగి ఓడలు ఆగే డాక్‌లో పని ముగించుకుని ఆలస్యంగా వచ్చేవాడు. "ఇంతసేపూ ఎవులితో ఉన్నావు?" అని దాలమ్మ అడిగేలోపే గురక అందుకునేవాడు. "మనసులో ఏటీ లేనోడు, ఇట్టే నిద్దరోతాడు," అంటూ ఆమె దుప్పటి కప్పేది.

ఇక సుజనకు మొదట కుదిరిన వెంకటరత్నం, వీళ్లతో కలిసి ఊరికి వెళ్తూ రైల్లో పిల్లిలా చప్పుడు లేకుండా పడుకున్నాడు. అతనికి ఖరగ్‌పూర్‌లో అప్పటికే ఒక భార్య ఉందని తర్వాత తెలిసింది. దాంతో సిద్ధాంతం గట్టిపడిపోయింది.

ఉన్నట్టుండి ముందుగదిలో ఓడ కూత వేసినట్టయింది. గోడ మీద క్యాలెండర్ రెపరెపలాడింది. సుజన గబగబా ఫోన్‌లో రికార్డు చేసుకుంది.

"అమ్మా, మచ్చలేని మనిషే!" ఆమె కళ్లలో నీళ్లు తిరిగాయి.

"అచ్చం మీ నాన్న నాగే," అని దాలమ్మ కూడా కొంగుతో కళ్లు ఒత్తుకుంది.

టీలు తాగేసరికి పెళ్లి ఖాయమైపోయింది. కాబోయే అల్లుణ్ణి బస్సెక్కించడానికి బైరాగి వెంట వెళ్లాడు. ఇద్దరూ వీధి మలుపు తిరిగారు.

"మీరు ముందే చెప్పబట్టి బతికిపోయాను మామయ్యగారూ," అన్నాడు ప్రసన్నకుమార్ గొంతు సవరించుకుంటూ. "బాగానే పెట్టానా?"

"బాగానే ఉంది గానీ, మరీ అంత గట్టిగా ఒద్దు బాబూ. గొంతు పట్టేస్తాది. పెళ్లయినాక రోజూ పెట్టాల గదా."

"రోజూ దొంగ గురకా? అది ఎవరివల్ల అవుతుందండీ?"

బైరాగి ఒకసారి వెనక్కి చూసుకున్నాడు.

"నాది మాత్రం నిజం గురకనుకున్నావేటి?"