అసా బొటనవేలు

మా ముత్తాత అసా అమెరికా అంతర్యుద్ధం నుంచి బొటనవేలు కాల్చుకుని వచ్చాడు. పెనం మీది మొక్కజొన్న రొట్టె దొంగిలించబోయాడని ఊరంతా నవ్వేది. (మా ఆవిడ రొట్టెకి దొంగల భయం లేదు.) ఆ మచ్చ చెరపాలని పాత కాగితాలన్నీ తిరగేశాను. మా పొరుగాయన వెండెల్ ముత్తాతా, మావాడూ ఒకే ఫిరంగి దగ్గర పనిచేశారని తేలింది కానీ మావాడి పనేమిటో తేలలేదు.

వెండెల్ ముత్తాత ఫిరంగిలో మందు కూరేవాడు. తిరిగొచ్చి ఊళ్లో ప్రతి పెళ్ళికీ ఫిడేలు వాయించాడు. వెండెల్ ఆ గొప్ప చెప్పని రోజు లేదు.

అమరవీరుల దినాన కోర్టు ముందున్న పాత ఫిరంగి పేలుస్తాం. ఈసారి మనిషి తక్కువై వెండెల్ నన్ను కేకేశాడు.

"రావోయ్ రొట్టెల దొంగ మునిమనవడా! ఈ వెనక రంధ్రాన్ని బొటనవేలితో నొక్కిపెట్టు. నేను మందు కూరుతుంటే వేలు తీశావో, లోపల మిగిలిన నిప్పురవ్వకి గాలి తగిలి, మందంటుకుని నా చేతులు రెండూ ఎగిరిపోతాయి."

"ఫిరంగి కాలిపోతుంటేనో?"

"వేలు మాడినా సరే, తియ్య..."

వెండెల్ నా వేలి వంక చూశాడు, తర్వాత తన చేతుల వంక.

సాయంత్రం నేను అసా సమాధి దగ్గరికి వెళ్ళేసరికి, వెండెల్ అప్పటికే అక్కడ తన ముత్తాత ఫిడేలు వాయిస్తున్నాడు.

"ఇంకోసారి ఈయన్ని ఎవడైనా దొంగన్నాడో, పళ్ళు రాలగొడతా" అన్నాడు, కమాను ఆపకుండానే.