ఓంప్రకాశ్‌ను కాపాడిన రోజు

"కాళ్లు కదపకు అన్నా. నీ కాళ్లు పని చెయ్యవు, యాది పెట్టుకో," అంది ప్రణతి.

"దోమ కుడుతుంది మేడం," అన్నాడు చక్రాల కుర్చీలో ఉన్న ఓంప్రకాశ్.

ఆదిలాబాద్‌లోని ఆ ప్రభుత్వ ఆఫీసులో ఓంప్రకాశ్ గుమాస్తా. రోజూ పొద్దున నడకకు వెళ్తాడు. అగ్నిప్రమాదంలో దివ్యాంగులను ఎలా కాపాడాలో చూపే మాక్ డ్రిల్‌కు దివ్యాంగుడిగా ఆయన్నే ఎంపిక చేశారు. నిజమైన దివ్యాంగులు కింద పడితే పూచీ ఎవరిదని పై అధికారి జైపాల్‌రావు అడిగాడు. ఆ ఆఫీసు లెక్కలో దివ్యాంగులంటే అర్జీ పట్టుకుని వచ్చేవాళ్లు.

డ్రిల్ బాధ్యత ప్రణతిది. లోపల ఒక్కరు మిగిలినా ఫెయిల్. ఫెయిలైతే ఆమెకు ఆసిఫాబాద్ బదిలీ తప్పదని జైపాల్‌రావు ముందే చెప్పాడు. ఇంట్లో ఆమెకు పాలు తాగే బిడ్డ ఉంది.

సైరన్ మోగింది. మంటలప్పుడు లిఫ్ట్ వాడకూడదు కనుక జైపాల్‌రావు దాన్ని ఆపించాడు. ఫొటోల్లో పొగ కనబడాలన్నదీ ఆయనే. అటెండర్ రాయమల్లు జిన్నింగ్ మిల్లు నుంచి తెచ్చిన పత్తి చెత్తను మెట్ల కింద అంటించాడు.

రెండో అంతస్తు నుంచి నలుగురు ఓంప్రకాశ్‌ను కుర్చీతో సహా మోసుకుంటూ దిగారు.

"జర మెల్లగ! పడేస్తరా ఏంది?"

"నువ్వు బువ్వ తక్కువ తినొచ్చు గద?" అన్నాడు మోసేవాళ్లలో ఒకడు.

పింఛను కోసం చంకకర్రలతో వచ్చిన కనకవ్వ ఆవరణలో కూర్చుని ఇదంతా చూసింది.

"గాయన పొద్దుగాల నాకన్న ముందు మెట్లెక్కిండు గద బిడ్డా. గింతల్నె కాళ్లకేమైంది?"

"యాక్టింగ్ అవ్వా," అంది ప్రణతి.

"నన్ను కూసోబెడితె గా యాక్టింగ్ కూడ అక్కెర లేకుండె."

ప్రణతి ఫోన్ మోగింది. జైపాల్‌రావు.

"ప్రణతీ, పొగ నా రూంలకు వస్తుంది."

"ఫొటోలల్ల మస్తు వస్తుంది సార్. అచ్చం నిజం లెక్కనే ఉంది."

"ఎవర్నన్న పైకి పంపు."

"మంటలున్నప్పుడు ఎవ్వరు పైకి పోవద్దని మీరే అన్నరు గద సార్. హైదరాబాద్ సారు ఇక్కడనే నిలబడి చూస్తుండు."

అవతల దగ్గు వినిపించింది. ఫోన్ కట్టయింది. సార్‌కు కోపం వచ్చిందని ప్రణతి భయపడింది.

హైదరాబాద్ నుంచి పరిశీలనకు వచ్చిన అరుణ్‌కుమార్ గడియారం చూసుకున్నాడు.

"లోపల ఎవరైనా మిగిలారా?"

"దివ్యాంగులెవ్వరు లేరు సార్. సిబ్బంది అందరు బయటకొచ్చిన్రు. మా జైపాల్‌రావు సార్ ఒక్కరే పైన రూంల నుంచి చూస్తున్నరు."

"ఆయన సంగతి వేరులెండి. డ్రిల్ పాస్. ఈ జిల్లాను చూసి మిగతావాళ్లు నేర్చుకోవాలి."

చప్పట్లు మోగాయి. ఓంప్రకాశ్ లేచి నిలబడి, నలుగురికీ షేక్‌హ్యాండ్ ఇచ్చి, ప్యాంటు దులుపుకున్నాడు. అరుణ్‌కుమార్ ఖాళీ కుర్చీని ముందుకూ వెనక్కూ తోసి చూశాడు.

"కుర్చీ బాగుంది. ఏ పథకంలో కొన్నారు?"

"కొన్నది కాదు సార్," అన్నాడు ఓంప్రకాశ్. "జైపాల్‌రావు సార్ది. రోజు ఇండ్లనే ఆఫీసుకొస్తరు."